పిడుగు ఏ తీగ మీద వచ్చింది?

ఎండలు ముదిరిన ఏప్రిల్, మే నెలల్లో ఒకసారి, వానాకాలం వెనక్కి మళ్లే సెప్టెంబర్, అక్టోబర్‌లలో ఇంకోసారి మన జిల్లాల్లో పిడుగుల తాకిడి ఎక్కువ. అలాంటి సాయంత్రం గడిచిన మర్నాడు రౌటర్లు, ఫైబర్ మోడెంలు సంచుల్లో పడి రిపేరు షాపులకు చేరతాయి. ఈసారి ఉత్తరాల్లో ఎక్కువగా ఇదే గోడు వినిపించింది. అందుకే శీర్షిక మొత్తం దీనికే ఇచ్చాం.

ప్రశ్న: మాది ఫైబర్ కనెక్షన్. గాజు పోగులో కరెంటు పారదు కదా! ఉరుములు మొదలవగానే గోడ స్విచ్చి కూడా ఆపేశాం. కంప్యూటర్‌కు స్పైక్ గార్డు ఉంది. అయినా ఫైబర్ మోడెం, రౌటర్, కంప్యూటర్‌లోని ల్యాన్ పోర్టు మూడూ ఒకేసారి పోయాయి. పిడుగు మా ఇంటి మీద పడలేదు, ఊరి చివర తాటిచెట్టు మీద పడింది. ఇదెలా జరిగింది? (ఒక పాఠకుడు, నర్సీపట్నం)

జవాబు: పిడుగు నేరుగా ఇంటి మీద పడాల్సిన పని లేదు. ఒక్కో మెరుపులో సుమారు 30 వేల ఆంపియర్ల కరెంటు కొన్ని మైక్రోసెకన్లలోనే పైకి లేస్తుంది. అంత వేగంగా మారే కరెంటు దగ్గర్లో ఉన్న ప్రతి పొడవాటి తీగలోనూ వోల్టేజిని పుట్టిస్తుంది. కొన్ని వందల మీటర్ల దూరంలో పడినా, స్తంభాల మీద సాగే కరెంటు లైన్లలో వేల వోల్టులు లేవడానికి అది చాలు.

ఇక స్విచ్చి సంగతి. మన గోడ స్విచ్చి ఫేజును మాత్రమే తెంపుతుంది. న్యూట్రల్ అలాగే అడాప్టర్‌కు తగిలి ఉంటుంది. తెగిన ఫేజు వైపు కూడా లోపల ఎడం రెండు మూడు మిల్లీమీటర్లే. గాలి మిల్లీమీటరుకు సుమారు 3 వేల వోల్టులు ఆపుతుంది, అంతకు మించితే నిప్పురవ్వ దూకుతుంది. కాబట్టి స్విచ్చి ఆపడం వేరు, ప్లగ్గు పీకడం వేరు.

ఫైబర్ గురించి మీరన్నది నిజమే, గాజులో కరెంటు పారదు. కానీ స్తంభం నుంచి మీ ఇంటికి వచ్చే నల్లటి డ్రాప్ వైరును చివర చీల్చి చూడండి. అంచున ఒక ఉక్కు తీగ కనిపిస్తుంది, వైరు వేలాడకుండా పట్టి ఉంచేది అదే. గాజు పోగుకు రెండు పక్కలా కూడా కొన్ని రకాల్లో సన్నటి ఉక్కు తీగలే ఉంటాయి, మరికొన్నింటిలో ఎఫ్‌ఆర్‌పీ అనే ఫైబర్‌గ్లాస్ పుల్లలు ఉంటాయి. ఈ వైరు మన దగ్గర చాలాచోట్ల కరెంటు స్తంభాల మీదుగానే వస్తుంది. ఉక్కు తీగ తెగకుండా కిటికీలోంచి మోడెం దాకా వచ్చిందంటే అది ఇంట్లోకి తెచ్చుకున్న ఇంకో లోహపు తీగే.

ఇప్పుడు మీ మూడు వస్తువులూ ఎందుకు కలిసి పోయాయో చూద్దాం. మోడెం అడాప్టర్ రెండు పిన్నులది, దానికి ఎర్తు లేదు. కంప్యూటర్ క్యాబినెట్‌కు మూడు పిన్నుల ప్లగ్గు ద్వారా ఎర్తు ఉంది. కరెంటు తీగ మీదో ఉక్కు తీగ మీదో మోడెంలోకి దిగిన వోల్టేజి భూమికి దారి వెతుక్కుంది. మోడెం నుంచి రౌటర్, రౌటర్ నుంచి ల్యాన్ కేబుల్, అక్కడి నుంచి కంప్యూటర్ ఎర్తు. ల్యాన్ పోర్టు లోపల చిన్న ట్రాన్స్‌ఫార్మర్ ఉంటుంది. ప్రమాణం ప్రకారం అది 1,500 వోల్టులు ఒక నిమిషం తట్టుకోవాలి. వచ్చింది అంతకు మించింది, దారిలో ఉన్నవన్నీ పోయాయి. మీ స్పైక్ గార్డు కంప్యూటర్ కరెంటు వైపు కాపలా కాసింది. దెబ్బ ల్యాన్ వైపు నుంచి వచ్చింది.

ఇకముందు చేయాల్సినవి చెబుతాం. డ్రాప్ వైరు ఉక్కు తీగను గోడ బయటి కొక్కేనికే కట్టి, అక్కడే తెంపేయమని ఆపరేటర్ మనిషికి చెప్పండి. మిగిలిన చదునైన వైరును గోడ మీద ప్లాస్టిక్ టెర్మినల్ డబ్బాలో ముగించి, అక్కడి నుంచి మోడెంకు రెండు మూడు మీటర్ల పసుపు ప్యాచ్ కార్డు వేయించండి. ప్యాచ్ కార్డులో లోహం ఉండదు. వైరు మార్చే అవకాశం వస్తే ఎఫ్‌ఆర్‌పీ పుల్లల రకమే అడగండి. మోడెం, రౌటర్, కంప్యూటర్ మూడింటికీ కరెంటు ఒకే స్పైక్ గార్డు నుంచి ఇవ్వండి. మోడెం హాల్లో, కంప్యూటర్ పడకగదిలో వేర్వేరు సాకెట్లలో ఉండి మధ్యలో ల్యాన్ కేబుల్ సాగితే ఆ కేబులే బలిపశువు అవుతుంది. అలాంటి ఇంట్లో వైఫై వాడుకోవడం మేలు, గాలిలో వచ్చే సిగ్నల్ వెంట పిడుగు రాదు.

ప్రశ్న: పిడుగు తర్వాత ఏది పోయిందో, ఏది బతికిందో వరసగా ఎలా తేల్చుకోవాలి? షాపులో అన్నీ మార్చేయమంటున్నారు. (ఒక పాఠకురాలు, సిద్దిపేట)

జవాబు: అన్నీ మార్చక్కర్లేదు. ముందు అన్నింటినీ గోడ నుంచి, ఒకదాని నుంచి ఒకటి విడదీయండి. ఒక మల్టీమీటర్, 12 వోల్టుల 5 వాట్ల బైకు బల్బు, పని చేస్తుందని తెలిసిన ల్యాన్ కేబుల్ ఒకటి చాలు.

మొదటి పరీక్ష ప్రాణానికి సంబంధించింది, దీన్ని వదిలేసి ముందుకు పోకండి. అడాప్టర్‌ను సాకెట్ నుంచి తీసి పక్కన పెట్టి, మీటరును మెగాఓం రేంజిలో ఉంచండి. ఒక ముల్లును ప్లగ్గు పిన్నుకు, రెండోదాన్ని అవుట్‌పుట్ జాకు లోహానికి ఆనించండి. అంకె ఏమీ రాకూడదు. కొన్ని వేల ఓంలో, లక్షల ఓంలో చూపించిందంటే 230 వోల్టుల వైపు, 12 వోల్టుల వైపు మధ్య ఉండాల్సిన అడ్డుగోడ పిడుగుకు చిట్లింది. ఆ అడాప్టర్ పైకి మామూలుగా వెలుగుతూనే రౌటర్ పోర్టులకు షాకు తెస్తుంది. విరగ్గొట్టి పారేయండి, ఇంకెవరూ తీసి వాడకూడదు.

అడ్డుగోడ బాగుంటే కరెంటు ఇచ్చి వోల్టేజి చూడండి. ఖాళీగా ఉన్నప్పుడు 12 వోల్టులు చూపడం ఒక్కటే సరిపోదు. బైకు బల్బు తగిలించి ఒక నిమిషం ఉంచండి, అది 0.4 ఆంపియర్ లాగుతుంది. వోల్టేజి 11.4 కంటే దిగకూడదు. 9కో 10కో జారితే లోపల కెపాసిటర్ దెబ్బతింది. రౌటర్ వెలిగి ఆరి, వెలిగి ఆరి పదే పదే రీస్టార్ట్ కావడానికి చాలాసార్లు కారణం ఇదే. రౌటర్‌ను నిందించి మార్చేవాళ్లు ఎందరో.

కొత్త అడాప్టర్ కొనేటప్పుడు వోల్టేజి అచ్చంగా అదే ఉండాలి. 9 వోల్టుల రౌటర్లు, 5 వోల్టుల రౌటర్లు కూడా ఉన్నాయి, అడుగున చీటీ చదవండి. ఆంపియర్లు పాతదానికి సమానంగానో ఎక్కువగానో ఉండొచ్చు, తక్కువ కూడదు. జాకు బయటి వ్యాసం 5.5 మి.మీ. అయినా లోపలి రంధ్రం 2.1, 2.5 అని రెండు రకాలు. 2.1 పిన్నుకు 2.5 జాకు పెడితే లోపలికి వెళుతుంది కానీ వదులుగా ఊగుతుంది.

తర్వాత ఫైబర్ మోడెం ఒక్కదానికే కరెంటు ఇచ్చి దీపాలు చూడండి. పాన్ (PON) అని రాసి ఉన్న దీపం ఆకుపచ్చగా నిలిస్తే కాంతి వస్తోంది, ఆపరేటర్ దగ్గర రిజిస్టర్ కూడా అయింది. లాస్ (LOS) అని రాసి ఉన్న దీపం ఎర్రగా వెలిగితే కాంతి అందడం లేదు. గాలికి డ్రాప్ వైరు తెగిందా, మోడెంలోని కాంతి గ్రాహకం పోయిందా అన్నది ఆపరేటర్ పవర్ మీటర్ పెట్టి చెప్పగలడు. సాధారణ జీపాన్ (GPON) రకం ఫైబర్ మోడెంకు మైనస్ 8 నుంచి మైనస్ 27 డీబీఎం (కాంతి బలాన్ని కొలిచే యూనిట్) మధ్య కాంతి అందాలి. మీటరులో మైనస్ 20 వస్తూ, కనెక్టర్ తుడిచి పెట్టినా మోడెంలో లాస్ వెలుగుతుంటే తప్పు మోడెందే. విడిచిన ఫైబర్ కొనలోకి కన్ను పెట్టి చూడకండి, అందులోని లేజరు కంటికి కనబడదు.

చివర్లో ల్యాన్ పోర్టులు ఒక్కొక్కటి. పోర్టు దీపం వెలగడమే కాదు, కంప్యూటర్‌లో లింకు వేగం చూడండి. 1 గిగాబిట్ రావాల్సిన చోట 100 మెగాబిట్ వస్తే, కేబుల్ మార్చినా అంతే ఉంటే, పోర్టులోని నాలుగు జతల్లో ఒకటో రెండో పోయాయి. 100 మెగాబిట్‌కు 1-2, 3-6 జతలు రెండే చాలు కాబట్టి అది ఇంకా నడుస్తోంది. ఒక పోర్టు పూర్తిగా చచ్చి మిగతావి బాగుండి, డబ్బా మామూలు వేడిలోనే ఉంటే ఆ పోర్టుకు టేపు అంటించి మిగతావి వాడుకోండి. డబ్బా చెయ్యి పెట్టలేనంత కాలుతుంటే మాత్రం లోపల చిప్పు షార్టు అయింది, రాత్రంతా వెలిగించి ఉంచకండి.

రౌటర్‌లో వ్యాన్ పోర్టు (మోడెం నుంచి వచ్చే కేబుల్ పెట్టేది) ఒక్కటే పోతే రౌటర్ పోయినట్లు కాదు. ఇంటర్నెట్ లాగిన్ మోడెంలోనే పెట్టించి, రౌటర్‌లో డీహెచ్‌సీపీ (పరికరాలకు ఐపీ అడ్రసులు పంచే ఏర్పాటు) ఆపి, మోడెం నుంచి వచ్చే కేబుల్‌ను రౌటర్ ల్యాన్ పోర్టులో పెడితే అది వైఫై పంచే పెట్టెగా ఇంకొన్నేళ్లు పనికొస్తుంది. రౌటర్ ఐపీ అడ్రసు మోడెందానితో కలవకుండా మార్చడం మరిచిపోకండి. మోడెం 192.168.1.1 అయితే రౌటర్‌ను 192.168.1.2 చేయండి.

ప్రశ్న: నాకు సోల్డరింగ్ వచ్చు. టీవీ, ఫ్యాన్ బోర్డులు బాగు చేస్తుంటాను. పిడుగుకు పోయిన అడాప్టర్లు, రౌటర్ బోర్డులు బాగు చేయడం సాధ్యమేనా? ఏ పార్టులు దగ్గర పెట్టుకోవాలి? (ఒక మెకానిక్, మదనపల్లె)

జవాబు: అడాప్టర్ల సంగతి ముందు. లోపల ఫిల్టర్ కెపాసిటర్ మీద 325 వోల్టుల డీసీ ఉంటుంది, ప్లగ్గు తీసినా కాసేపు నిలుస్తుంది. 10 కిలోఓంల 5 వాట్ల రెసిస్టర్‌తో కొన్ని సెకన్లు డిశ్చార్జి చేసి, మీటరుతో సున్నా చూశాకే వేలు పెట్టండి.

పిడుగు దెబ్బ సాధారణంగా ముందు నుంచి వెనక్కి వరసగా కనిపిస్తుంది. ఫ్యూజు లేదా 10 ఓంల ఫ్యూజబుల్ రెసిస్టర్ తెగి ఉంటుంది. పక్కనే నీలం బిళ్ల, అంటే మితిమీరిన వోల్టేజిని తన మీదుగా మళ్లించే వేరిస్టర్ ఉంటే పగిలి నల్లబడి ఉంటుంది. బ్రిడ్జిలోని 1ఎన్4007 డయోడ్లలో ఒకటి రెండు షార్టు. తర్వాత స్విచింగ్ ఐసీ. ఐసీ దాకా మాత్రమే పోయి ఉంటే, ఆప్టోకప్లర్‌ను, రెండు వైపుల మధ్య ఉండే వై కెపాసిటర్‌ను కూడా తప్పక మార్చండి. ఆ రెండూ ప్రాణాలను కాపాడే అడ్డుగోడలో భాగాలు. వై కెపాసిటర్ స్థానంలో మామూలు సిరామిక్ డిస్కు పెట్టడం నేరం లాంటిది. మీద వై1 అని ముద్ర ఉన్నదే వేయండి.

వేరిస్టర్ ఎంపికలో ఒక మాట. మార్కెట్లో 431, 471 అంకెలున్నవి ఎక్కువ దొరుకుతాయి. 14డి431కె నిరంతరం 275 వోల్టుల ఏసీ దాకా, 14డి471కె 300 వోల్టుల దాకా ఓర్చుకుంటాయి. పొలాల మధ్య ట్రాన్స్‌ఫార్మర్ల మీద మోటార్లు ఆగిన రాత్రి వేళ వోల్టేజి బాగా ఎక్కే ఊళ్లలో 431 వేడెక్కి పిడుగు లేకుండానే కాలిపోతుంది. మా ఎంపిక 471. ఫ్యూజు లేకుండా వేరిస్టర్ ఎప్పుడూ పెట్టకండి. ప్రాణం పోయేటప్పుడు అది షార్టు అయి మండుతుంది.

బాగు చేశాక నేరుగా కరెంటుకు పెట్టకుండా సిరీస్ బోర్డులో 60 వాట్ల ఫిలమెంటు బల్బుతో వరసలో పెట్టండి. బల్బు ఒక్కసారి మెరిసి ఆరితే మంచిది, నిండుగా వెలుగుతూ ఉంటే ఇంకా షార్టు ఉంది. ఇంత చెప్పినా మా అభిప్రాయం ఇదీ: 24 గంటలూ మనుషులు నిద్రపోయే ఇంట్లో వెలిగే వస్తువుకు పిడుగు తిన్న అడాప్టర్ బాగు చేసి ఇవ్వకండి. కొత్త 12 వోల్టుల అడాప్టర్ ఖర్చు పెద్దది కాదు.

బాగు చేయడానికి పనికొచ్చేది రౌటర్ బోర్డు. డీసీ జాకు దగ్గర కంటిన్యుటీ పెట్టండి. బీప్ వస్తే జాకు పక్కనున్న రక్షణ డయోడో, సిరామిక్ కెపాసిటరో షార్టు. దాన్ని పీకి చూస్తే చాలాసార్లు బోర్డు లేస్తుంది. తర్వాత అదే విలువది మళ్లీ వేయండి, ఖాళీగా వదలకండి. బీప్ రాకపోతే కరెంటు ఇచ్చి, 12 వోల్టులను 3.3కు దించే చిన్న ఐసీ పక్కనున్న కాయిల్ మీద కొలవండి. 3.3 లేకపోతే ఆ ఐసీ పోయిందా, దాని అవతల షార్టు ఉందా అన్నది చూడాలి. అవతల షార్టు ఉంటే కరెంటు పరిమితి పెట్టగల పవర్ సప్లై నుంచి 1 వోల్టు మాత్రమే ఇచ్చి, బోర్డు మీద ఐసోప్రొపైల్ ఆల్కహాల్ పలచగా పూయండి. ఎక్కడ ముందుగా ఆరిపోతే అక్కడే తప్పు. ఆరింది ప్రధాన ప్రాసెసర్ మీదే అయితే కవరు బిగించేయండి. ల్యాన్ స్విచ్చి కూడా ఆ చిప్పులోనే ఉండే బోర్డులు ఎక్కువ, ఆ చిప్పు మార్చడం గిట్టుబాటు కాదు.

ఒక పోర్టు మాత్రమే పోయిన బోర్డులో ఇంకో అవకాశం ఉంది. ఆర్‌జే45 సాకెట్‌లో గిగాబిట్ అయితే 1-2, 3-6, 4-5, 7-8 జతల మధ్య ఒక్కో ఓం చొప్పున రావాలి. 100 మెగాబిట్ పోర్టులో 1-2, 3-6 చూస్తే చాలు. ఏదైనా జత ఓపెన్ చూపిస్తే సాకెట్ వెనకున్న నల్లటి ట్రాన్స్‌ఫార్మర్ డబ్బాలో చుట్ట తెగింది. అది తెగడం వల్లే వెనకున్న చిప్పు బతికి ఉండే అవకాశం బలంగా ఉంది. పాత బోర్డు నుంచి అదే పిన్నుల అమరిక ఉన్నది పీకి వేయండి. చుట్టలన్నీ బాగుండి పోర్టు పనిచేయకపోతే చిప్పే పోయింది, శ్రమపడకండి.

ఆపరేటర్ ఇచ్చిన ఫైబర్ మోడెం మాత్రం విప్పకండి. అది చాలావరకు వాళ్ల ఆస్తి. పైగా దాని సీరియల్ నంబరు వాళ్ల దగ్గర నమోదై ఉంటుంది, బయట కొన్నది తెచ్చి పెట్టినా నమోదు చేయించకపోతే నెట్ రాదు.

ప్రశ్న: కంప్యూటర్ అంతా బాగానే ఉంది. ల్యాన్ మాత్రం ‘కేబుల్ లేదు’ అంటోంది. మదర్‌బోర్డు మార్చాలా? (ఒక విద్యార్థి, కరీంనగర్)

జవాబు: అక్కర్లేదు. బయాస్‌లోకి (కంప్యూటర్ లేచేటప్పుడు తెరుచుకునే సెట్టింగుల పేజీ) వెళ్లి ఆన్‌బోర్డ్ ల్యాన్‌ను డిజేబుల్ చేయండి. దెబ్బతిన్న చిప్పు కొన్నిసార్లు కంప్యూటర్ లేవడాన్ని ఆలస్యం చేస్తుంది, మధ్యలో బిగుసుకుపోయేలా చేస్తుంది. తర్వాత రియల్‌టెక్ 8111 చిప్పున్న పీసీఐ ఎక్స్‌ప్రెస్ కార్డు, లేదా యూఎస్‌బీ 3.0 గిగాబిట్ అడాప్టర్ పెట్టుకోండి. డిజేబుల్ చేశాక కూడా ఆ చిప్పు వేలు పెట్టలేనంత వేడెక్కుతుంటే అప్పుడు మదర్‌బోర్డు సంగతి ఆలోచించాలి.

కంప్యూటర్ అసలు లేవకపోతే ముందు ఎస్‌ఎంపీఎస్, అంటే క్యాబినెట్‌లోని పవర్ సప్లై డబ్బా చూడండి. బోర్డు నుంచి పెద్ద కనెక్టర్ తీసి, పాత హార్డ్‌డిస్కో ఫ్యానో తగిలించి, ఆకుపచ్చ తీగను నల్ల తీగతో కలపండి. పసుపు మీద 11.4 నుంచి 12.6, ఎరుపు మీద 4.75 నుంచి 5.25, నారింజ మీద 3.14 నుంచి 3.47 వోల్టుల మధ్య ఉండాలి. ఆకుపచ్చ కలపకముందే ఊదా తీగ మీద 5 వోల్టులు ఉండాలి. అది లేకపోతే ఎస్‌ఎంపీఎస్ పోయినట్లే.

ప్రశ్న: సందు అవతల మా అన్నయ్య ఇంటికి 40 మీటర్ల ల్యాన్ కేబుల్ గాలిలో వేశాం. ప్రతి ఏడూ ల్యాన్ స్విచ్చి (నెట్ కేబుళ్లను కలిపే పెట్టె) మాడిపోతోంది. రెండిళ్లకూ మంచి ఎర్తింగ్ ఉంది. (ఒక పాఠకుడు, రాజమహేంద్రవరం)

జవాబు: రెండు ఇళ్లకు రెండు మంచి ఎర్తింగులు ఉండడమే ఇక్కడ చిక్కు. లెక్క చూడండి. దగ్గర్లో పడిన పిడుగులో వెయ్యి ఆంపియర్లు మీ ఇంటి ఎర్తు గుంతలోకి దిగాయనుకుందాం. గుంత నిరోధం 5 ఓంలే, చాలా మంచిది. అయినా ఆ క్షణంలో మీ ఇంటి ఎర్తు 5 వేల వోల్టులకు లేస్తుంది. అన్నయ్యగారి ఎర్తు ఉన్నచోటే ఉంటుంది. ఆ తేడా అంతా ఆ 40 మీటర్ల రాగి మీద, రెండు చివర్లలోని పోర్టుల మీద పడుతుంది. కేబుల్ చివర్లలో ఎంత మంచి సర్జ్ డబ్బాలు పెట్టినా మీరు ఏడాదికి ఒకటి మార్చే బదులు రెండేళ్లకు ఒకటి మారుస్తారు, అంతే తేడా.

రాగి తీసేయండి. ఒక సింగిల్‌మోడ్ ఫైబర్ డ్రాప్ వైరు, ఉక్కు లేని రకం, రెండు చివర్లలో మీడియా కన్వర్టర్లు (ల్యాన్ సిగ్నల్‌ను కాంతిగా, కాంతిని తిరిగి సిగ్నల్‌గా మార్చే డబ్బాలు) చాలు. ఒకే పోగు మీద నడిచే జత కొనండి. ఒకటి 1310 నానోమీటర్ల కాంతి పంపి 1550 అందుకుంటుంది, రెండోది తారుమారు. వాటి మీద ఎ, బి అని ఉంటుంది, రెండూ ఎ కొంటే పనిచేయవు. కనెక్టర్ రంగు కూడా చూసుకోండి, నీలిరంగు సాకెట్‌లో ఆకుపచ్చ కనెక్టర్ పెడితే కాంతి సగంలో చెదిరిపోతుంది. కొన అతికించే పనికి మీ ఊరి కేబుల్ ఆపరేటర్ దగ్గర స్ప్లైసింగ్ యంత్రం ఉంటుంది. వైరును బిగుతుగా లాగి కట్టకండి, వంపు చోట అరచేతి వెడల్పు గుండ్రంగా తిరగనివ్వండి.

ప్రశ్న: మేడ మీద నాలుగు పీఓఈ కెమెరాలు (ల్యాన్ కేబుల్‌లోనే కరెంటు అందేవి) ఉన్నాయి. పిడుగుకు కెమెరాలతోపాటు కింద ఎన్‌వీఆర్ (కెమెరాల రికార్డింగు పెట్టె), రౌటర్ కూడా పోయాయి. ఎన్‌వీఆర్ హార్డ్‌డిస్కులో కావాల్సిన రికార్డింగు ఉంది, తీయగలమా? (ఒక దుకాణదారు, తాండూరు)

జవాబు: కెమెరాలను డిష్ ఉన్న ఇనుప గొట్టానికి బిగించకండి, పిట్టగోడ పైఅంచుకు దిగువన గోడకు ప్లాస్టిక్ పెట్టెతో బిగించండి. కెమెరాలన్నింటినీ ఒక విడి పీఓఈ స్విచ్చికి తెచ్చి, ఆ స్విచ్చికీ ఎన్‌వీఆర్‌కూ మధ్య మీడియా కన్వర్టర్ల జత, ఒక మీటరు ప్యాచ్ కార్డు పెట్టండి. ఆ మీటరు గాజు ముక్క మీ ఎన్‌వీఆర్‌ను, రౌటర్‌ను కాపాడుతుంది. ఈసారి దెబ్బ తగిలితే స్విచ్చి దగ్గర ఆగుతుంది. ఒక్కో కెమెరాకు పీఓఈ సర్జ్ రక్షణ డబ్బా పెట్టడం మంచిదే, కానీ దాని ఆకుపచ్చ తీగను ఇంటి ఎర్తుకు కలపాలి. ఎర్తు కలపకుండా గోడకు వేలాడే డబ్బాలు చాలా ఇళ్లలో కనిపిస్తాయి, వాటివల్ల ఉపయోగం లేదు.

ఇక డిస్కు. ఎన్‌వీఆర్‌లో పెట్టి పదే పదే కరెంటు ఇవ్వకండి. డిస్కు అడుగున ఆకుపచ్చ బోర్డు మీద పవర్ కనెక్టర్ పక్కనే రెండు చదునైన నల్ల డయోడ్లు ఉంటాయి. ఒకటి 5 వోల్టుల లైనుకు, ఇంకోటి 12కు. ఎక్కువ వోల్టేజి వచ్చినప్పుడు అవి తాము షార్టు అయి డిస్కును కాపాడతాయి. మీటరు పెట్టి చూస్తే ఒకటి రెండు వైపులా సున్నా ఓం చూపిస్తుంది. దాన్ని జాగ్రత్తగా పీకేస్తే, మిగతావి బాగుంటే డిస్కు తిరుగుతుంది. అప్పుడు దానికి రక్షణ లేదు కాబట్టి పరీక్షించిన మంచి ఎస్‌ఎంపీఎస్ మీద పెట్టి, రికార్డింగు తీసుకుని పక్కన పెట్టేయండి. ఎన్‌వీఆర్ డిస్కు విండోస్‌లో ఖాళీగా కనిపిస్తుంది, ‘ఫార్మాట్ చేయాలా’ అని అడుగుతుంది. వద్దనండి. అదే కంపెనీ, అదే రకం ఎన్‌వీఆర్‌లో పెట్టి చూడాలి. అది కూడా కొత్త డిస్కుగా భావించి ఇనిషియలైజ్ చేయమంటే ఆపేయండి. డయోడ్లు రెండూ బాగుండి డిస్కు తిరగకపోతే వేరే డిస్కు బోర్డు తెచ్చి బిగించడం పనిచేయదు. చాలా బోర్డుల మీద ఆ డిస్కుకే చెందిన వివరాలున్న ఎనిమిది కాళ్ల చిప్పు ఉంటుంది, పాత బోర్డు నుంచి దాన్ని కూడా తీసి కొత్త బోర్డులో వేయాలి. టకటకమని చప్పుడు వస్తే అక్కడితో ఆపి డేటా రికవరీ చేసేవాళ్ల దగ్గరికి తీసుకెళ్లండి.

ప్రశ్న: మెయిన్ బోర్డులో ఎస్‌పీడీ (మితిమీరిన వోల్టేజిని ఎర్తుకు మళ్లించే రక్షణ పరికరం) పెట్టిస్తే ఇల్లంతా రక్షణే అని ఎలక్ట్రీషియన్ అంటున్నాడు. ఇన్వర్టర్ ఉంది కాబట్టి అక్కర్లేదని మా అబ్బాయి అంటాడు. (ఒక పాఠకుడు, అనంతపురం)

జవాబు: ఇన్వర్టర్ సంగతిలో అబ్బాయి పొరబడ్డాడు. లైను ఉన్నంతసేపూ ఇన్వర్టర్ బయటి కరెంటునే రిలే ద్వారా నేరుగా ఇంట్లోకి పంపుతుంది. పిడుగు వోల్టేజి కూడా ఆ దారినే వస్తుంది. ఎలక్ట్రీషియన్ మాటలో నిజం ఉంది, కానీ ఎలా బిగిస్తాడన్న దాన్ని బట్టి.

అడగాల్సింది టైప్ 2, సింగిల్ ఫేజుకు ‘1+1’ రకం. అందులో ఫేజు, న్యూట్రల్ మధ్య వేరిస్టర్, న్యూట్రల్, ఎర్తు మధ్య గ్యాస్ ట్యూబు ఉంటాయి. మన ఇళ్లలో ఎర్తు మనం తవ్వుకున్న గుంతకే ఉంటుంది కాబట్టి ఇదే సరైనది. మీద యూసీ 320 వోల్టులు, ఐఎన్ 20 కిలోఆంపియర్లు, ఐమ్యాక్స్ 40 కిలోఆంపియర్లు, యూపీ 1.5 కిలోవోల్టులు లేదా తక్కువ అని ఉందో లేదో చదవండి. మెయిన్ స్విచ్చి తర్వాత, ఆర్‌సీసీబీకి (కరెంటు ఎర్తుకు లీకైతే పడిపోయే స్విచ్చి) ముందు బిగించాలి. వెనక పెడితే ప్రతి ఉరుముకూ ఆర్‌సీసీబీ పడిపోతుంది.

అందరూ తప్పు చేసే చోటు తీగ పొడవు. మీటరు తీగలో మైక్రోసెకనుకు వెయ్యి ఆంపియర్ల వేగంతో కరెంటు లేస్తే సుమారు వెయ్యి వోల్టులు అదనంగా పుడతాయి. ఎస్‌పీడీ 1.5 కిలోవోల్టుల దగ్గర ఆపినా, బోర్డు లోపల అందంగా చుట్టి తిప్పిన మీటరున్నర తీగ మరో 1.5 కిలోవోల్టులు కలుపుతుంది. ఫేజు నుంచి ఎస్‌పీడీకి, అక్కడి నుంచి బోర్డులోని ఎర్తు పట్టీకి కలిపి అర మీటరు దాటకూడదు. 6 చదరపు మి.మీ. రాగి తీగ, మలుపులు లేకుండా. ఎస్‌పీడీ మీదున్న చిన్న కిటికీలో ఆకుపచ్చ రంగు ఎర్రగా మారితే లోపలి గుళిక మార్చాలి. ఒక్కో సీజను ముందు బోర్డు తలుపు తీసి చూసుకోండి.

దాని రక్షణ మెయిన్ బోర్డు నుంచి సుమారు 10 మీటర్ల తీగ దాకానే బాగా అందుతుంది. మోడెం ఇంటి వెనక గదిలో ఉంటే దాని దగ్గర వేరిస్టర్లున్న స్పైక్ గార్డు కూడా కావాలి. స్పైక్ గార్డు మీద ఎర్ర దీపం కరెంటు ఉందని మాత్రమే చెబుతుంది, వేరిస్టర్ బతికుందని కాదు. పాతబడి కాలిన వాసన వచ్చినది, ప్లాస్టిక్ పసుపెక్కినది వాడకండి.

ఎర్తు లేకపోతే వీటిలో చాలా భాగం పనిచేయదు. మీ జిల్లాలో నేల గట్టిది, బండ దగ్గర. 38 మి.మీ. జీఐ పైపు రెండున్నర మీటర్లు దిగకపోతే రెండు గుంతలు, మధ్య పైపు పొడవుకు రెట్టింపు దూరం ఉంచి, పట్టీతో కలపండి. ఎండాకాలం వారానికి రెండు బిందెల నీళ్లు పోయండి. పైపు తల దగ్గర నట్టు తుప్పు పట్టి ఎర్తు తెగిపోయి ఉండడం మామూలే. సాకెట్‌లో ఫేజుకూ ఎర్తుకూ మధ్య 230 చూపించినా నమ్మకండి, మల్టీమీటరుకు పిసరంత కరెంటు చాలు. ఎలక్ట్రీషియన్ చేత 100 వాట్ల బల్బును ఫేజు, ఎర్తు మధ్య పెట్టించి చూడండి. ఆర్‌సీసీబీ ఉంటే అది పడిపోవాలి, లేకపోతే బల్బు నిండుగా వెలగాలి. మసకగా వెలిగితే గుంత తవ్వాల్సిందే. ఎర్తు లేదని సాకెట్ లోపల న్యూట్రల్‌నే ఎర్తు పిన్నుకు కలిపే పని కొందరు చేస్తారు. న్యూట్రల్ తెగిన రోజున ఇంట్లోని ప్రతి లోహపు డబ్బాకూ ఫేజు ఎక్కుతుంది. అలా ఉంటే ఈరోజే విప్పించండి. డిష్‌కో, కెమెరాలకో విడిగా ఎర్తు కడ్డీ దింపి ఉంటే దాన్నీ ఇంటి ఎర్తుతో కలపండి.

ప్రశ్న: ఇవన్నీ పెట్టించే స్తోమత లేదు. ఊరికే ప్లగ్గు పీకితే సరిపోతుందా? ఎప్పుడు పీకాలి? (ఒక గృహిణి, పలాస)

జవాబు: సరిపోతుంది. అన్నింటికంటే గట్టి రక్షణ కూడా అదే. అడాప్టర్ ప్లగ్గుతోపాటు బయటి నుంచి వచ్చే ల్యాన్ కేబుల్, ఉంటే టెలిఫోన్ వైరు కూడా పీకాలి. పీకిన వైరు కొసలను మూరెడు దూరంలో పెట్టండి, ప్లగ్గు సాకెట్ పక్కనే వేలాడకూడదు. ఫైబర్ కనెక్టర్‌ను పీకనక్కర్లేదు, మాటిమాటికీ పీకితే దాని కొనకు దుమ్ము పడుతుంది.

మెరుపు కనిపించాక ఉరుము వినబడేదాకా సెకన్లు లెక్కపెట్టండి. మూడు సెకన్లకు ఒక కిలోమీటరు. 30 సెకన్లలోపు వినబడితే పిడుగు 10 కిలోమీటర్లలో ఉంది. పీకే పని అంతకు ముందే అయిపోవాలి. పుణేలోని ఉష్ణమండల వాతావరణ పరిశోధన సంస్థ తయారు చేసిన ‘దామిని’ యాప్ ఫోన్లో పెట్టుకుంటే 20, 40 కిలోమీటర్ల పరిధిలో పడుతున్న పిడుగులను చూపిస్తుంది. 40 కిలోమీటర్ల వలయంలోకి వచ్చినప్పుడే పీకండి. నెత్తిన ఉరుముతుండగా గుర్తొస్తే ఆ తీగలను ముట్టుకోకండి, రౌటర్ పోతే పోనివ్వండి. చివరి ఉరుము విన్న అరగంట తర్వాత మళ్లీ పెట్టండి. ముందు స్విచ్చి ఆపి ప్లగ్గు పెట్టి, ఆ తర్వాత స్విచ్చి వేయండి. ఆ మధ్యలో నెట్ కావాలంటే ఛార్జర్‌కు తగిలించని ఫోన్ హాట్‌స్పాట్ నిశ్చింతగా వాడుకోవచ్చు.